ఇబ్రాలో విక్టోరియా లాడ్జి

ఇబ్రా

ఖమరుద్దీన్‌కు, దీవెనలేమీ లేకుండా రాస్తున్నది.

బురైమిలో మనం కట్టిన భవనం శిలాఫలకం మీద మేస్త్రీగా నా పేరు చెక్కిస్తానని మాటిచ్చావు. ముప్పయ్యేళ్లయింది. కాంట్రాక్టరుగా నీ పేరు మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది. ఫోనులో నువ్వన్నది గాలికి పోతుంది గనుక ఈసారి కాగితం మీద అడుగుతున్నాను.

ఇక్కడి తోట యజమాని, మన అర్బాబ్, లండన్‌లో చూసి ముచ్చటపడిన పార్కు లాడ్జి పనిని ఒప్పుకుని నా నెత్తిన పెట్టావు. అదేమిటో నీకు తెలియదు, నేను చదివాను. విక్టోరియా రాణి కాలంలో దొరల తోట గేటు పక్కన కాపలావాడికి కట్టిన ఇల్లు. బయట చెక్క నగిషీలు, రంగురంగుల ఇటుక పట్టీలు; లోపల వాడి సంసారానికి కాళ్లు చాపుకునే చోటుండదు. నిటారు కప్పు మంచు జారిపోవడానికి. ఈ ఎడారి ఊరు ఇబ్రాలో ఏం జారాలి? ఇసుక!

ఈసారి రాయి మీద నా పేరుండాలి.

వీరబ్రహ్మం

తా.క.: పొగగొట్టం ఎందుకని అడిగితే అర్బాబ్ "ఫొటోలో ఉంది" అన్నాడు. అందులోంచి ఏసీ పైపు దింపాను.

అల్ ఖౌద్

బ్రహ్మం అన్నకు సలాములు.

ఇంకా ఆ బురైమి కోపమేనా అన్నా? ఈసారి నీ పేరు రాయెక్కకపోతే నా గడ్డం తీసేస్తా. గురువారం ఇంగ్లండు నిపుణుడు చూడ్డానికొస్తాడు. ఫొటోలో లేనిది ఒక్కటీ కనపడకూడదు. నీ చదువు కూడా.

నీ తమ్ముడు
ఖమరుద్దీన్

తా.క.: అర్బాబ్‌కు మంచు సంగతి చెప్పొద్దు. అదీ కావాలంటాడు.

ఇబ్రా

గడ్డం ఉన్నంతవరకు ఖమరుద్దీన్‌కు,

కొంప మునిగింది. మన జగిత్యాల పోచన్న కప్పు పని మొదలైన రోజే కప్పు కొసకు దిష్టిబొమ్మ కట్టాడు: గడ్డి కూరిన పాత కంపెనీ యూనిఫాం, కుండ తల, మసి మీసాలు. దించరా అంటే, "పని కాకముందే దించద్దు సారూ, దిష్టి తగుల్తది" అన్నాడు. నిపుణుడు తలెత్తి, తనకొచ్చిన రెండు హిందీ ముక్కల్లో "కౌన్ హై?" అన్నాడు. పోచన్న బెదిరిపోయి, "చౌకీదార్, సాబ్!" అన్నాడు.

నిపుణుడు ఉప్పొంగిపోయాడు. తొలి కాపలావాడి బొమ్మను కప్పు మీద నిలపడం అరుదైన విక్టోరియా ఆచారమట! అలాంటిదేమీ లేదని నేను చదివిన పుస్తకాలన్నీ ఏకరువు పెట్టాను. అర్బాబ్ నా చేతిలో ఖర్జూరాలు పెట్టి కూర్చోమన్నాడు.

వీరబ్రహ్మం

తా.క.: బొమ్మకూ పేరుండాలని, అది రాయి మీద పడాలని అర్బాబ్ పట్టు. నిన్నడిగితే ఏదో ఒకటి చెప్పు. నా పేరు మాత్రం మరవకు.

అల్ ఖౌద్

అన్నకు ముబారక్!

రాయి పంపినా. అర్బాబ్ ఫోను చేసి "రాయి మీద పేరేంది?" అంటే నీ పేరే చెప్పినా. సంబరపడి, పైన అరబీలో ఒక వరస తనే చేర్పించినాడు. నా గడ్డం దక్కింది.

ఖమరుద్దీన్

తా.క.: అరబీ అక్షరాలు నాకు ఓదను వచ్చు గానీ అర్థం తెలీదు. నీ గురించి గొప్పగానే రాసుంటారులే.

ఇబ్రా

ఖమరుద్దీన్‌కు,

ఆ వరసను ఇక్కడి దుకాణదారుతో చదివించాను. "ఈ లాడ్జి తొలి కాపలాదారు" అని ఉంది. దాని కింద నా పేరు. పైన కుండ తలకాయ.

జనం వచ్చి ఫొటోలు దిగుతున్నారు. "సలాం, వీరబ్రహ్మం!" అంటున్నారు, కప్పు వైపు చూసి. నిన్న అర్బాబ్ నా మీసాలనూ దాని మీసాలనూ మార్చి మార్చి చూసి, మీది ఏ వంశమని అడిగాడు.

వీరబ్రహ్మం, ప్రాణమున్నవాడు

తా.క.: ఆ తొలి కాపలాదారు వారసుణ్ణని అర్బాబ్ నాకు యూనిఫాం కుట్టిస్తున్నాడు, శుక్రవారాలు గేటు దగ్గర నిలబడాలట. పోచన్న అమాయకుడు, అర్బాబ్ ధనవంతుడు, నిపుణుడు నిపుణుడు, ముగ్గురినీ క్షమించాను. క్షమించనిది ఒక్కడినే: కడప ఖమరుద్దీన్.