ఫ్రిజ్ స్విచ్ ముట్టుకోవద్దు

ఏమండీ,
ఈ ఇంట్లో ఫ్రిజ్‌కు కూడా మీరు రాత్రి నిద్ర అలవాటు చేశారన్నమాట! ఐసు ట్రేలో నీళ్లు చూసినప్పుడే అనుమానమొచ్చింది. నిన్న రాత్రి మీరు స్విచ్ ఆపుతుంటే అత్తయ్యా నేనూ తలుపు చాటు నుంచి చూశాం.

పాలు విరుగుతున్నాయని పాలాయన్ని నేను నానా మాటలూ అని మాన్పించేస్తుంటే, మీరు పక్కనే కూర్చుని పేపరు తిప్పారు. సాయంత్రం మీరే ఆయనింటికి వెళ్లి, జరిగింది చెప్పి, మళ్లీ రమ్మనండి. ఖాళీ గదిలో లైటు ఆర్పితే పొదుపు. ఒకరి బేరం పోతున్నా నోరు మెదపకపోతే పిసినారితనం.

షాంపూ నురగ తగ్గడం చూస్తే, అందులో నీళ్లు కలుపుతున్నారనీ అనుమానమే. ఆ సంగతి నేను ఇంటికొచ్చాక తేలుస్తాను.

అన్నట్టు, పొద్దున అత్తయ్య పైకే అనేశారు: "వాడిది పొదుపని ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చాను. తప్పు నాదేనమ్మా."