గుడ్డ తప్పు కాదు

ఫిబ్రవరి 4, మంగళవారం

గెలిచాం. వరసగా ఆరోది. ఇంటికొచ్చి గంటయింది, ఇంకా కాలు ఒకచోట నిలవడం లేదు.

మా అమ్మాయి ఆడపిల్లల కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్. పోయినేడు వీళ్ల టీమ్ అన్ని కాలేజీల్లోకీ చిట్టచివర. ఈ ఏడు పైనుంచి లెక్కపెడితే రెండో స్థానం. ఈ మాట ఎవరికో ఒకరికి చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పాను. పెద్దాయనా, పొద్దున ఐదు గెలిచామని మూడుసార్లు చెప్పారు, ఇప్పుడు ఆరంటున్నారు, నేను నిద్రలేచేసరికి ఎన్నవుతాయో అన్నాడు. కింది అంతస్తు లెక్చరర్‌గారికి చెబుదామంటే నన్ను చూడగానే ఫోన్ చెవికి పెట్టుకుంటాడు. ఆ ఫోన్ మోగగా నేనెప్పుడూ వినలేదు.

ఈ పుస్తకం అమ్మాయే ఇచ్చింది. స్కోర్లు రాసే పుస్తకం, సగం ఖాళీ. ఊరందరికీ ఎందుకు నాన్నా, దీనికి చెప్పుకో, ఇది విసుక్కోదు అంది. నేను చదివింది ఏడో తరగతి. నలభై ఒక్క ఏళ్లు టైలర్‌గా కొలతలు తప్ప ఇంకేమీ రాయలేదు. తప్పులుంటే ఉన్నాయి. చదివేదెవరు.

వాళ్లమ్మ పోయాక దుకాణం మూసేసి, కుట్టు మిషన్ ఒక్కటి పట్టుకుని అమ్మాయి క్వార్టర్స్‌కి వచ్చేశాను. రెండేళ్లయింది. మూడో అంతస్తు. కిటికీలోంచి ఇండోర్ కోర్టు రేకుల కప్పు కనిపిస్తుంది. ప్రతి మ్యాచ్‌కీ వెళ్తాను, చివరి వరసలో కూర్చుంటాను. అమ్మాయి కోర్టు వైపు తిరిగి నిలబడుతుంది కాబట్టి నాకు కనిపించేది వీపే. ఈ సీజన్ మూడు నెలల్లో దాని వీపు చూసినంతగా మొహం చూడలేదు. అయినా ఎంత బాగుంటుందో ఆ వీపు. వాళ్లమ్మలాగే కుడిభుజం కాస్త దించి నిలబడుతుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈ ఆటలో ఫౌల్ చేసినవాళ్లు చెయ్యెత్తాలి. అది అన్నిచోట్లా ఉన్నదే. మా అమ్మాయి టీమ్‌లో ఇంకో మెలిక. రిఫరీ చూడకపోయినా ఎత్తాలి. ఇవాళ కొంగ ఎత్తింది. కొంగ అంటే అందరిలోకీ పొడుగు పిల్ల, ఆ పేరు వాళ్లే పెట్టుకున్నారు. రిఫరీయే బిత్తరపోయాడు.

ఊరికే అవతలివాళ్లకి లాభం కదే అని అమ్మాయినడిగాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే రెండు నిమిషాల్లో దిద్దుకుంటాం నాన్నా, దాచిపెడితే దాన్ని వెతుక్కోవడంలోనే మ్యాచ్ అయిపోతుంది అంది.

ఇంత తెలివి దీనికి ఎక్కణ్ణుంచి వచ్చిందో. నా వైపు నుంచి మాత్రం కాదు. నలభై ఒక్క ఏళ్లలో నేను ఒక్కసారి చెయ్యెత్తలేదు. చొక్కా బిగుతైతే గుడ్డ కుంచించుకుపోయిందండీ అనేవాణ్ణి. వదులైతే మీరు చిక్కారండీ అనేవాణ్ణి. వాళ్లమ్మ లోపల కాజాలు కుడుతూ నవ్వేది. ఎంత మంచి గుడ్డో, ఎవరి పాపమైనా మోస్తుంది అనేది.

ఫిబ్రవరి 10, సోమవారం

అమ్మాయి ఇవాళ నాతో నాలుగు మాటలు మాట్లాడింది. తిన్నావా. మందేసుకున్నావా. తలుపేసుకో. వస్తా.

ఫిబ్రవరి 15, శనివారం

సెమీఫైనల్ గెలిచాం. ఫైనల్‌కి వెళ్లిపోయాం. ఫైనల్ కూడా మా కోర్టులోనే, వచ్చే శనివారం. నేను అరిచిన అరుపుకి ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, మీ మనవరాలు ఆడుతోందా అన్నాడు. మనవరాళ్లే, పన్నెండుమంది అన్నాను.

పన్నెండులో పిచ్చుక అని ఒక పిల్ల ఉంది. నా భుజం దాటదు. సీజన్ మొత్తంలో ఒక్క నిమిషం ఆడలేదు. ప్రాక్టీస్‌లో మాత్రం దానికి పెద్ద పని. రాబోయే మ్యాచ్‌లో ఎదుటి టీమ్ ఎలా ఆడుతుందో వీడియోలు చూసి నేర్చుకుని, మనవాళ్ల మీద అచ్చం అలాగే ఆడాలి. అందరి దొంగతనాలూ తెలిసిన పోలీసన్నమాట.

బెంచీకి కూడా ఒక రూల్ ఉంది. ఆటలోంచి ఎవరు బయటికొచ్చినా, బాగా ఆడినా చెడగొట్టి వచ్చినా, బెంచీ మీద ఉన్నవాళ్లంతా లేచి నిలబడాలి. ఆమె కూర్చున్నాకే మిగతావాళ్లు కూర్చోవాలి. అందరికన్నా ముందు లేచేది పిచ్చుకే.

ఇంటికొచ్చి ఈ సంగతులన్నీ ఎవరితో చెప్పను. వాళ్లమ్మ ఫొటోకి చెప్పాను. తర్వాత అద్దంలో నాకు నేనే చెప్పుకున్నాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఏం ఆనందం, ఏం ఆనందం.

మొదట దిగే ఐదుగురు ఎవరో అమ్మాయి ముందు చెప్పదు. వార్మప్ అయ్యాక, కోర్టులోనే చెబుతుంది. పన్నెండుమందీ రేపు ఆడేది నేనే అనుకుని పడుకోవాలి, అప్పుడే పన్నెండుమందీ సిద్ధంగా ఉంటారు అంటుంది. పేర్లు ముందే తన నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ పుస్తకం మా బల్ల మీదే ఉంటుంది. దాచాలని దానికెప్పుడూ తోచలేదు. ఇంట్లో ఉండేది నేనే కదా.

మధ్యాహ్నం పుస్తకం తెరిచాను. ఎందుకంటే ఏం చెప్పను. ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అమ్మాయి చేతిరాత చూస్తే అమ్మాయి ఇంట్లో ఉన్నట్టుంటుంది. ఫైనల్ ఐదుగురిలో కెప్టెన్ పేరు లేదు. పిచ్చుక పేరుంది. ఎదుటి టీమ్‌లో ఒక చురుకైన పొట్టి పిల్ల ఉందట, దాని ఆటంతా పిచ్చుకకి కంఠతా వచ్చు.

నాలుగింటికి పిచ్చుక జెర్సీ సరిచేయించుకోవడానికి వచ్చింది. ఎలా కుట్టినా పర్లేదు తాతగారూ, బెంచీకేం తెలుస్తుంది అంది. ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. టేపు పట్టుకుని, చంక దగ్గర కుట్టు కాస్త వదులు చెయ్యనివ్వమ్మా, శనివారం మొదటి నిమిషం నుంచీ పరిగెత్తాలి కదా అనేశాను.

చేతులు చాపుకుని అలాగే నిలబడిపోయింది పిల్ల. కళ్లలో నీళ్లు. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మాయి వాళ్లమ్మ ఊరికే అనలేదు. కానీ ఆ మొహం చూస్తే వాళ్లమ్మ కూడా చెప్పేసేది.

ఫిబ్రవరి 20, గురువారం

అన్యాయం జరిగింది. చేసింది నేను.

పిచ్చుక వాళ్లమ్మకి ఒక్కదానికే చెప్పిందట. ఆవిడ దూరాన ఒక ఆస్పత్రిలో నర్సు. సెలవు పెట్టి, తొమ్మిది గంటల బస్సు ప్రయాణం చేసి వస్తోంది. నా కూతురు మొదటి ఐదుగురిలో ఉంది, ముందు వరసలో సీటు ఉంచండమ్మా అని హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసింది. వార్డెన్ భోజనాల దగ్గర అందరి ముందూ పిచ్చుకకి శుభాకాంక్షలు చెప్పింది. అక్కడే కంచం పట్టుకుని కెప్టెన్ నిలబడి ఉంది. మూడేళ్లుగా ప్రతి మ్యాచ్‌లోనూ మొదట దిగే పిల్ల. కంచం అక్కడే పెట్టేసి వెళ్లిపోయిందట. నిన్న ప్రాక్టీస్‌కి రాలేదు.

ఇవాళ అమ్మాయి అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, నా పుస్తకం తెరిచిందెవరు అని అడిగింది. పిచ్చుక చెయ్యెత్తింది. జెర్సీ కోసం ఇంటికొచ్చినప్పుడు చూశాను మేడమ్ అంది.

నా పేరు చెప్పలేదు.

ఫైనల్‌కి దాన్ని పూర్తిగా తీసేశానని భోంచేస్తూ అమ్మాయి చెప్పింది. పన్నెండుమందిలో ఆ ఒక్కదాన్నీ నా కళ్లలా నమ్మాను నాన్నా అంది. తర్వాత తలెత్తి, అది పుస్తకం ముట్టుకోవడం నువ్వు చూశావా అని అడిగింది.

నేను మిషన్ దగ్గరున్నాను, గమనించలేదమ్మా అన్నాను.

గుడ్డ కుంచించుకుపోయింది అన్నాను, ఇంకేముంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం, ఉదయం 6

చెబుదామని టీ పెట్టి కూర్చున్నాను. అమ్మాయి బూట్ల లేసు కట్టుకుంటోంది. అమ్మా అన్నాను. ఊఁ అంది. చక్కెర సరిపోయిందా అన్నాను.

11 గంటలకి

చీటీ రాసి చించేశాను. రెండుసార్లు. నిజం చెబితే ఆ పుస్తకం ఇక బల్ల మీద ఉండదు. పొద్దున్నే బీరువాకి తాళం పడే చప్పుడు వింటాను. రోజుకి నాలుగు మాటలు రెండవుతాయి. వాచ్‌మన్ దగ్గరికి దిగి ఉన్నదంతా చెప్పాను. మొదటిసారి చివరిదాకా విన్నాడు. నాకు చెబితే ఏం లాభం పెద్దాయనా, ఆటలో నేను లేనుగా అన్నాడు.

5 గంటలకి

వెళ్లాను. చెక్క నేల మీదికి చెప్పులతో రాకూడదని గుమ్మంలో విప్పేశాను. పదకొండుమంది గుండ్రంగా నిలబడి ఉన్నారు. కెప్టెన్ వచ్చింది. పిచ్చుక మామూలు బట్టల్లో ఓ మూల తువ్వాళ్లు మడతపెడుతోంది. ఆడనివ్వకపోయినా వచ్చింది.

మధ్యలోకి నడిచి చెయ్యెత్తాను. నాకు గుండెనొప్పేమోనని అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కాదమ్మా అన్నాను. పుస్తకం తెరిచింది నేను, ఈ పిల్లకి చెప్పింది నేను, నిన్న నీతో అబద్ధమాడిందీ నేనే అన్నాను. తాతకి మూడు ఫౌళ్లు, ఇంకో రెండైతే బయటికే అని కొంగ గొణిగింది. ఇద్దరు నవ్వబోయి ఆపుకున్నారు.

అమ్మాయి పిచ్చుక వైపు తిరిగి, నువ్వెందుకు ఎత్తావు అని అడిగింది. పిల్ల తువ్వాలు వంకే చూస్తూ, మీరు తాతగార్ని ఇక్కడికి రావద్దంటే ఆయన ఇంకెక్కడికి వెళ్తారు మేడమ్ అంది.

ఆ మాటకి నేను నేల చూశాను. వార్నిష్‌లో నా మొహం కనిపించింది.

అమ్మాయి తీర్పు చెప్పింది. ఇంకొకరి ఫౌల్‌కి చెయ్యెత్తడం కూడా ఫౌలే, పిచ్చుక మొదటి క్వార్టర్ పది నిమిషాలూ బెంచీ మీద కూర్చుంటుంది, తర్వాత దిగుతుంది. కెప్టెన్ ఎప్పటిలాగే మొదట దిగుతుంది. కెప్టెన్ పిచ్చుకని చూసి, ఆ పొట్టిదాన్ని నేను పది నిమిషాలు అలసగొట్టి పెడతాలే, నువ్వొచ్చి పట్టుకో అంది.

నాకు ఫైనల్ లేదు. ఇంటి దగ్గరే. ఇది బయటివాళ్లకి వేసే శిక్ష కాదు నాన్నా, టీమ్‌లో ఉన్నవాళ్లకే అంది.

తిరిగొచ్చేటప్పుడు నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. అదే వీపు. ఇంటికొచ్చాక నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ పెట్టే చోటే.

ఫిబ్రవరి 22, శనివారం, 3:45

చివరి వరసలో నా సీటు పిచ్చుక వాళ్లమ్మకి ఇమ్మని అమ్మాయితో చెప్పి పంపాను. ముందు వరసలు నిండిపోయాయట. మిషన్ దగ్గర కూర్చున్నాను. బల్ల మీద పుస్తకముంది. ముట్టుకోలేదు.

4:20

మొదలైంది. రేకుల కప్పు కింద ఎవరి అరుపైనా ఒకేలా వినిపిస్తుంది. మనవాళ్లు వేశారో, వాళ్లు వేశారో. ఈల వినపడ్డప్పుడల్లా ఎవరో చెయ్యెత్తి ఉంటారనుకుంటున్నాను.

4:50

రెండో క్వార్టర్ అయ్యుంటుంది. పిచ్చుక దిగి ఉంటుంది. వాళ్లమ్మ చూస్తూ ఉంటుంది. నేను లేని గదిలో నా ఆనందమంతా జరుగుతోంది.

5:35

పెద్ద అరుపు. తర్వాత ఏమీ లేదు. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. చప్పుడు లేదు.

6 గంటలకి

గేటు వదలని వాచ్‌మన్ మూడంతస్తులు ఎక్కొచ్చాడు. గెలిచాం పెద్దాయనా అన్నాడు, ఊపిరందక గుమ్మం పట్టుకుని. మూడు పాయింట్ల తేడాతో. చివరి నిమిషంలో ఆ చిన్నపిల్ల అవతలివాళ్ల చేతిలోంచి బంతి లాగేసి కెప్టెన్‌కి ఇచ్చింది, కెప్టెన్ వేసేసింది అన్నాడు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. మళ్లీ మొదటినుంచి చెప్పాడు. తర్వాత ఇంకోసారి. మూడుసార్లూ విన్నాను. విసుక్కోలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఉతకడానికి జెర్సీల సంచీ విప్పాను. పిచ్చుక జెర్సీ చంక దగ్గర జానెడు చిరిగి ఉంది. నేను వేసిన కుట్టే. సూదికి దారమెక్కించి నిలబడ్డాను.

ఎదురుగా కుర్చీలో టీ తాగుతున్న అమ్మాయి చూసింది. గుడ్డ కుంచించుకుపోయిందా నాన్నా అంది.

సూది ఉన్న చెయ్యే ఎత్తాను.

అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడింది. నేను కూర్చునేదాకా కూర్చోలేదు.