స్కానులో కనపడనిది

ఏమండీ,
డ్యూటీకి వెళ్తున్నాను. కుట్టుమిషను బెల్టు విప్పి నా సంచీలో వేసుకున్నాను, ఊరికే వెతక్కండి. ఫోను చూడకండి. గంటకోసారి పక్కింటి వదిన తలుపు కొడుతుంది, విసుక్కోకుండా పలకండి. వాంతి అయినా, తలనొప్పి పెరిగినా, మాట తడబడినా వెంటనే ఆవిడకి చెప్పండి.

"స్కాను బాగుందన్నాడుగా డాక్టరు, ఇంకేంటి నీ గోల?" అని పొద్దున కసిరారు. స్కాను బాగుందంటే లోపల రక్తం కారలేదని. అంతే. మొన్న స్టూలు మీంచి పడ్డప్పుడు మీ తల లోపల అదరలేదని కాదు. ఆ అదురు ఏ స్కానులోనూ కనపడదు.

అయినా మిమ్మల్ననడం దేనికి? ఆసుపత్రిలో కాగితాలు చేతికిచ్చి "ఏం లేదు, ఇంటికెళ్లండి" అని పదకొండేళ్లుగా అందరినీ పంపిస్తున్నది నేనేగా. ఇంటికెళ్లాక వాళ్లకి ఎలా ఉందో ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

ఆటో హారను కొడుతోంది. అన్నం మూతపెట్టాను.

చెప్పకూడదనే అనుకున్నాను. నిన్న మీరు కుట్టిన చొక్కాకి రెండూ ఎడమ చేతులే వేశారు. మీరు స్నానానికెళ్లినప్పుడు విప్పేశాను. మీ కుట్టు నేను విప్పడం ఇదే మొదలు.