మస్తాన్ రెండోసారి కాల్చిన గాజు

మస్తాన్,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న బాపట్ల కాలేజీలో మన ఎర్ర గాజు పింగాణీ గురించి మాట్లాడమంటే వెళ్ళాను. వేదిక మీద మన ల్యాబు పాత డైరెక్టరు కూడా ఉన్నాడు. కొలిమి పనివాడి పేరు వేస్తే నవ్వుతారంటూ పరిశోధన పత్రంలో నీ పేరు కొట్టేయించిన పెద్దమనిషి. ఆరోజు నోరు మూసుకున్నవాణ్ణి నేను.

అందుకే నిన్న మొత్తం చెప్పేశాను. రాగి కలిపినా గాజుకి రంగు రాలేదని నేను పారేయబోయాను. "ఆగండి సార్, రెండోసారి నిదానంగా కాల్చి చూద్దామండి" అన్నావు.

"నువ్వేమన్నా కెమిస్ట్రీ చదివావా?"

"లేదండి. చదివినాయనకి రాలేదు కదా అని!"

సాయంత్రానికి అది దానిమ్మగింజలా ఎర్రబడింది, పింగాణీలా గట్టిపడింది. నాకున్న పేరంతా ఆ సాయంత్రం నువ్వు పెట్టిన భిక్షే. అదీ చెప్పాను. డైరెక్టరు మంచినీళ్ళ గ్లాసు వెతుక్కున్నాడు.

అక్కణ్ణుంచి రేపల్లెలో మీ ఇంటికెళ్ళాను. సభ నుంచే వస్తున్నానంటే మీ ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అన్నయ్యా? సభలో ఆయన పేరు చెప్పారా?"

"చెప్పానమ్మా."

"గట్టిగా చెప్పారా?"

"మైకులో చెప్పాను."

అప్పుడు కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.