అయస్కాంతం జారిపోయిన డోర్

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడే బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో గుద్ది మన కారు ఎడమ డోర్ సొట్టపోయింది. నాకేం కాలేదు, కంగారుపడకండి.

పుట్టీ పూసి కప్పెట్టిన చోట అయస్కాంతం నిలవదని మీరు చెప్పేవారుగా. ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకెళ్ళి, ఆటోనగర్ షెడ్లలో రిపేరైన బండ్లకు పెట్టి చూశాను. కరీం గారి షెడ్డులో గట్టిగా అతుక్కుంది. మన బండి ఆయనకే ఇచ్చాను.

ఆయన మన డ్రైవర్ వైపు డోర్‌కీ పెట్టి చూశారు. జారిపోయింది.

"ఇటుపక్క ఎప్పుడో పెద్ద దెబ్బే తగిలిందమ్మా. సార్ చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ రోజూ ఇంటికొచ్చి మామూలుగా భోజనానికి కూర్చునే ఉంటారు. నేను వడ్డించే ఉంటాను.

మీకెక్కడ తగిలిందండీ?