గరిడేపల్లిలో కోత పండుగ

గరిడేపల్లి,
అక్టోబరు 28

ప్రియమైన దేవసహాయం అయ్యగారికి,

మీ ఏలియా వందనాలు. ఫోన్‌లో ఎంత అరిచినా మీకు వినబడదు కాబట్టి కాగితం పట్టాను. చెవుల డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లారా?

వచ్చే నెల మా మందిరంలో కోత పండుగ. సూర్యాపేట నుంచి మన సంఘాల కమిటీ పెద్దలు వస్తున్నారు. మీరూ కోదాడలో బస్సెక్కి తప్పకుండా రావాలి. రమ్మంటున్నానే గానీ లోపల గుబులుగా ఉంది. మీరు నన్ను ఈ ఊరికి పాస్టరుగా పంపి అయిదేళ్లయింది. ఆదివారం మందిరంలో ఉండేది నేను, నా భార్య రూతు, గొర్రెలు కాసే గోపయ్య భార్య సోమమ్మ. అంతే. సోమమ్మ ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. బొట్టుతోనే వచ్చి ముందు చాప మీద కూర్చుంటుంది. వాక్యం అయ్యాక "మళ్లేమైంది?" అని అడిగి తెలుసుకుని వెళ్లిపోతుంది.

నాతోపాటు చదివిన ఇమ్మానుయేలు మిర్యాలగూడలో రెండో మందిరం కడుతున్నాడు. అతను ఎదురుపడితే తలెత్తలేకపోతున్నాను. నన్ను సూర్యాపేట పెద్ద మందిరానికి మార్చమని కమిటీకి ఒక మాట చెప్పరూ?

మీ చేతుల్లో పెరిగిన
ఏలియా


కోదాడ,
నవంబరు 26

ప్రియమైన ఏలియా,

పండుగ నుంచి వచ్చిన దగ్గర్నుంచి మా ఆవిడకు అదే చెబుతున్నాను. మందిరం నిండిపోయి పిల్లలు గుమ్మంలో నిలబడ్డారని. నువ్వేమో ముగ్గురమే అని రాశావు. ముసలివాణ్ణి ఆటపట్టించావా? పాట నాకు వినబడలేదు గానీ, అన్ని నోళ్లు ఒక్కసారే కదులుతుంటే కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

నేను నోరు తెరిచే పనే లేకపోయింది. ఇంతమందిని కూడగట్టినవాడు సూర్యాపేటలో ఉండాలని పెద్దలు అక్కడికక్కడే తేల్చేశారు. కొత్త సంవత్సరం నుంచి నువ్వక్కడికే.

ఒక్కటే లోటు. సోమమ్మను చూపించనేలేదు నువ్వు. ఆవిడతో మాట్లాడాలనే ముఖ్యంగా వచ్చాను.

నిన్ను చూసి గర్వపడుతున్న
దేవసహాయం


గరిడేపల్లి,
డిసెంబరు 8

ప్రియమైన అయ్యగారికి,

మీ ఉత్తరం రూతు చదివి, నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆ వచ్చినవాళ్లు మా ఊరివాళ్లు కాదు. ఇమ్మానుయేలును బతిమాలి మిర్యాలగూడ నుంచి డీసీఎం వ్యానులో తెచ్చుకున్న జనం. సోమమ్మ ఆ రోజు వచ్చేసరికే వాళ్లతో మందిరం నిండుతోంది; అయినా ఎప్పటిలా ముందు చాప మీద కూర్చుంది. చాపలు చాలలేదు. కమిటీవాళ్లు ఫోటోలు తీస్తున్నారు, ఆమె నుదుట బొట్టుంది. "జాగ లేదమ్మా, ఇయ్యాల ఇంటికి పో" అన్నాను. లేచి వెళ్లింది. ఆ మాట అన్న నోటితోనే కాసేపటికి ప్రసంగం చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయ్యగారూ.

తర్వాత ఆమె మందిరానికి రాలేదు. నిన్న ఆదివారం ఖాళీ చాపల ముందు ప్రార్థన సాగక, మధ్యలోనే ఆపి వాళ్లింటికి నడిచాను. కాళ్ల మీద పడైనా బతిమాలుకుందామని.

గొర్రెల దొడ్డి పక్కన రేకుల కింద ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. సోమమ్మ వాళ్లకు నేనెప్పుడో చెప్పిన వాక్యం చెబుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంటూ లేచింది.

"అయ్యగారూ, వీళ్లకు ఇన్నేండ్ల సంది చెప్తున్న. పండుగ నాడు వస్తమని ఒప్పుకున్నరు. తయారై మా ఇంట్ల కూసున్నరు. జాగ సూసి రమ్మని నన్ను ముందుగాల పంపిండ్రు. మీరేమో లేదంటిరి. మీ సుట్టాలు గంతమంది ఉండంగ మేం జొరబడితే ఏం బాగుంటది? అందుకే గీడనే కూసోబెట్టుకున్న. నేనేమన్న తప్పు చేసిన్నా?"

తల దించుకుని వాళ్ల వెనక కూర్చున్నాను. ఆమె చెప్పినంతసేపూ విన్నాను. మధ్యలో ఒక ముసలమ్మ "మళ్లేమైంది?" అని అడిగింది.

నాకు సూర్యాపేట వద్దు. కమిటీ ముందుకు వెళ్లి జరిగింది నేనే చెబుతాను. తీసేస్తే తీసేస్తారు. ఉంచితే ఈ ఊళ్లోనే ఉంచమంటాను. అది పెద్ద కష్టం కాదు. జాగ లేకనే పంపేశానని సోమమ్మ ఇప్పటికీ నమ్ముతోంది. వచ్చే ఆదివారం ఆ ఆడవాళ్లందరి ముందు ఆమెకు, బొట్టు చూసే పంపేశానన్న నిజం చెప్పాలి. విని, వాళ్లను తీసుకుని ఆమె వెళ్లిపోతే ఆపే అర్హత నాకు లేదు. ఆ ఉదయం నాకోసం ప్రార్థించండి.

మీ గర్వానికి తగని
ఏలియా