కిటికీలో బోర్లించిన గ్లాసు

దీదీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తెలుగు బాగా మాట్లాడేదానివి గానీ చదవడం రాదు కాబట్టి, ఉన్నా ఈ ఉత్తరం నీకు పనికొచ్చేది కాదు.

జాతుల గురించి పిల్లలు నోరు విప్పాలని, ముందుగా ఏమీ రాసుకోకుండా నువ్వు మన బళ్లో ఆడించే నాటకాన్ని ఇవాళ నేను ఆడించాను. ఎవరూ తమవాళ్ల వేషం వెయ్యకూడదన్న నీ నియమమే పెట్టాను. తాతల నాడు కూలికి ఈ దీవులకొచ్చిన మీ రాంచీవాళ్ల పిల్ల అనిత తెలుగింటి ఇల్లాలైంది. మా తెలుగు జాలర్ల పిల్ల లక్ష్మి గడ్డి కొయ్యడానికొచ్చిన రాంచీ ఆవిడైంది.

అనిత టీ తెచ్చి, “రుకో, నీ గ్లాసు వేరే ఉంది” అంటూ కిటికీ వైపు చెయ్యి చాపింది. లక్ష్మి తాగినట్టు నటించి, ఆ లేని గ్లాసును కడిగి కిటికీలో బోర్లించింది. పిల్లలు నవ్వారు.

అయ్యాక నువ్వడిగే ప్రశ్నే అడిగాను. “కడగాలని నీకెవరు చెప్పారు?”

“ఎవులూ సెప్పక్కర్లేదు మేడమ్. మాయింటికొచ్చే రాంచీవోల్లు ఐసేహీ సేస్తారు” అంది లక్ష్మి.

డెలానీపూర్‌లో మా క్వార్టర్‌కి వచ్చినప్పుడల్లా, మా అత్తగారిచ్చిన గ్లాసును నువ్వే కడిగి కిటికీలో బోర్లించేదానివి. నీకు శుభ్రత ఎక్కువని నేను అందరికీ చెప్పేదాన్ని.